నాలుగో గదిలో క్లారినెట్

ఆ కోల్డ్ స్టోరేజీలో ఆమెను అందరూ డిగ్రీలక్క అనేవారు. పెద్ద చదువులు చదివిందని కాదు. పదో తరగతితోనే పుస్తకాలు మూసేసిన మనిషి. అక్కడున్న ఆరు గదుల్లో ఏ గది ఎంత చల్లగా ఉందో రెండు గంటలకోసారి చూసి రిజిస్టరులో రాయడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్ళుగా అదే పని. "మా ఆవిడ రోజుకి ఇరవైనాలుగు డిగ్రీలు సంపాదిస్తుంది, ఏ యూనివర్సిటీ ఇస్తుందండీ అన్ని?" అని ఆమె భర్త తెలిసినవాళ్ళందరి దగ్గరా జోకు వేసేవాడు. ఆయన ఆసుపత్రిలో నర్సు. రాత్రంతా డ్యూటీ, పగలంతా నిద్ర.

ఆ పగటి నిద్ర వల్లే ఆమె క్లారినెట్ కష్టాలన్నీ మొదలయ్యాయి.

క్లారినెట్ ఆమె మేనమామది. ఆయన ముప్ఫై ఏళ్ళు సర్కస్ బ్యాండులో వాయించాడు. ముందు పళ్ళు ఊడిపోయాక ఒకరోజు దాన్ని గుడ్డలో చుట్టి పట్టుకొచ్చి, "నాకు పళ్ళు పోయాయి, నీకింకా ఉన్నాయి. ఉంచుకో తల్లీ" అని ఒళ్ళో పెట్టి వెళ్ళాడు. అప్పటికామెకు నలభై మూడేళ్ళు. ఏడాది పాటు వీలున్నప్పుడల్లా ఆయన వచ్చి, బోసినోటితో కూనిరాగాలు తీస్తూ మూడు పాటలు నేర్పాడు. మొదటిది ఏనుగులు బరిలోకి వచ్చేటప్పుడు వాయించే నడక పాట. రెండోది ఆమె అమ్మమ్మ పాడిన జోలపాట. మూడోదానికి పేరు లేదు. ఒకసారి మూడు రోజులు వాన ఆగక ఆట రద్దయితే, డేరా కింద కూర్చుని ఆయనే కట్టుకున్నాడట. ఆమె దాన్ని వాన పాట అనేది. మెల్లగా మెట్టుమెట్టుగా పైకెక్కి, అక్కడ కాసేపు నిలబడి, ఆఖర్న ఒక్క మెట్టు దిగి ఇంటికి చేరినట్టు ఆగిపోయే పాట. మూడింట్లో ఆమెకు ప్రాణం అదే.

కానీ రెండు గదుల ఇంట్లో సాధన చేసేదెక్కడ? పగలు భర్త నిద్ర, సాయంత్రం కూతురి పరీక్షల చదువు. మొదటిరోజు ఆమె ఊదీ ఊదగానే అత్తగారు వంటింట్లోంచి తొంగి చూసి, "ఎవరి పిల్లి తోకో తలుపు సందులో పడ్డట్టుంది, చూడవే" అంది. వెటకారంగా కాదు, నిజంగానే అనుకుంది. అందుకే ఎక్కువ బాధేసింది.

నాలుగో గది పాడవడం అలా కలిసొచ్చింది. అది బఠానీలు గడ్డకట్టించి దాచే గది. గ్యాసు గొట్టం పగిలి పది రోజులుగా ఆగిపోయి ఉంది. సరుకు తీసేశారు. ఖాళీ ప్లాస్టిక్ పెట్టెలు మాత్రం వెనక గోడ వైపు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. జానెడు మందం గోడలు. లోపల ఏనుగు ఘీంకరించినా బయటికి వినపడదు. పైగా ఖాళీ గదిలో శబ్దం గుండ్రంగా తిరిగొచ్చేది. స్నానాల గదిలో అందరూ గొప్ప గాయకులే అన్నట్టు, అక్కడ ఊదితే తన వాయింపు తనకే ముద్దొచ్చేది. మధ్యాహ్నం అన్నాల వేళ అరగంట, శనివారం సగం పూట పని కాగానే గంట ఆ పెట్టెల వెనక కూర్చుని మూడు పాటలూ వరసగా వాయించుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే వద్దంటారని భయం కాదు, నవ్వుతారని సిగ్గు.

ఆ శనివారం ఒంటిగంటకు అందరూ వెళ్ళిపోయారు. ఫోను ఆఫీసు బల్ల మీద చార్జింగులో పెట్టి, క్లారినెట్ పట్టుకుని ఆమె నాలుగో గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుంది. రిపేరు పూర్తయిందని మిషన్లు చూసే మేస్త్రీ ముందురోజే చెప్పాడు. సోమవారం చల్లబరిచే మిషను వేస్తామన్నాడు. అంటే ఈ గదితో ఇదే చివరిసారి. కాస్త ఎక్కువసేపే వాయించుకుందామనుకుంది.

రెండు పాటలయ్యాయి. మూడోదానికి ముందు నోటి దగ్గర బిగించే రీడు అనే పల్చటి రెల్లు బద్ద మార్చుకుంటోంది. పాతది విప్పి, కొత్తది నాలుక మీద తడిపి అప్పుడే బిగించింది. అదే సమయానికి మేనేజరు మేస్త్రీకి ఫోను చేసి, సరుకు రేపు ఉదయమే వస్తోంది, ఇప్పుడే మిషను వేసెయ్యమన్నాడని ఆమెకేం తెలుసు?

ముందు లైటు పోయింది. దాని స్విచ్చి గది బయట ఉంటుంది. కరెంటు పోయిందేమో అనుకుంది. తరవాత బరువైన తలుపు రబ్బరు అంచులతో 'థప్' మని అతుక్కోవడం, బయట గొళ్ళెం పడి, దానికి మేకు దిగిన చప్పుడు వినపడ్డాయి.

"ఎవరూ! ఆగండి, నేనున్నాను!" అంటూ లేచింది. చీకట్లో పెట్టెలకు కొట్టుకుంది. నాలుగు పెట్టెలు మీద పడ్డాయి. వాటిని తోసుకుని తలుపు దగ్గరికి తడుముకుంటూ చేరేసరికి నెత్తి మీద ఫ్యాన్లు తిరగడం మొదలుపెట్టాయి. లారీ ఇంజనంత హోరు. రెండు చేతులతో తలుపు బాదింది. ఆ చప్పుడు ఆమెకే సరిగ్గా వినపడలేదు.

లోపల ఇరుక్కున్నవాళ్ళు తెరుచుకుని బయటపడడానికి తలుపుకొక గుండ్రటి గుబ్బ ఉంటుంది. నొక్కితే గొళ్ళెం ఊడొస్తుంది. ఆమె చెయ్యి దాన్ని వెతికి పట్టుకుని నొక్కింది. గుబ్బ వదులుగా లోపలికి పోయి, మళ్ళీ వదులుగా బయటికి వచ్చింది.

ఆ గుబ్బ సంగతి ఆమెకు తెలుసు. 'నాలుగో గది లోపలి గుబ్బ పనిచేయడం లేదు' అని రిజిస్టరులో మూడుసార్లు రాసింది తనే. మూడుసార్లూ కింద మేనేజరు అందంగా సంతకం పెట్టాడు.

తెలియనివాడికైతే చీకటి ఒక్కటే భయం. ఆమెకు అన్నీ తెలుసు. పదకొండేళ్ళు రాసిన అంకెలు కళ్ళ ముందు వరసగా నిలబడ్డాయి. మిషను వేసిన గంటకు పది డిగ్రీలు. రెండు గంటలకు సున్నా. మూడు గంటలకు సున్నాకి కింద ఆరు. ఆ తరవాత మెల్లగా, తెల్లవారేసరికి సున్నాకి కింద పద్దెనిమిది. ఒంటి మీద నూలు చీర, కాళ్ళకు చెప్పులు. లోపలికొచ్చేవాళ్ళు వేసుకునే దళసరి కోటు తలుపుకి అవతల మేకుకి వేలాడుతోంది. ఇంట్లో భర్త ఐదుగంటలకు లేస్తాడు. ఆమె కనపడకపోతే బజారుకెళ్ళిందనుకుంటాడు. ఏడింటికి డ్యూటీకి వెళ్ళిపోతాడు. కూతురు ఎనిమిదింటికి వెతకడం మొదలుపెడుతుందేమో. అప్పటికి... అప్పటికి సున్నాకి కింద పది. లెక్క ఆపుదామన్నా మనసు ఆగలేదు.

గొంతు పోయేదాకా అరిచింది. తలుపు బాదీ బాదీ అరచేతులు వాచాయి. గేటు దగ్గర కాపలా తాత ఉంటాడు గానీ, ఆయనకు చెవుడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అని జోకుగా చాలాసార్లు విన్న మాట ఇప్పుడు నవ్వు తెప్పించలేదు. ఒక్కసారిగా అక్కడే కూలబడి, "అమ్మా, అమ్మా" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

నేల చురుక్కుమనిపించేంత చల్లబడ్డాక లేచింది. కూర్చుంటే చస్తానని భయమేసి నడవడం మొదలుపెట్టింది. ఒక చెయ్యి గోడకు ఆనించి, గది చుట్టూ. మూడో చుట్టులోనో నాలుగో చుట్టులోనో వెనక గోడ మూల ఆ చేతికి ప్లాస్టిక్ గొట్టం తగిలింది. ఫ్యాన్ల పెట్టె కింద కారే నీరు ఆ గొట్టం వెంట దిగి, నేలకి బెత్తెడు ఎత్తున గోడలోంచి వెనక సందులోకి పోతుంది. గొట్టం అవతలి వంపులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉంటుంది, బయటి వేడిగాలి లోపలికి రాకుండా. కానీ గది పది రోజులుగా ఆగిపోయింది కదా. ఆ నీళ్ళు ఎండిపోయి ఉండాలి, అంటే శబ్దం బయటికి పోవడానికి దారి ఉన్నట్టే.

గొట్టాన్ని అతుకు దగ్గర పట్టుకుని గుంజింది. మేస్త్రీ కొత్తగా బిగించిన అతుకు. రాలేదు. కాలితో తన్నింది. చీర కుచ్చెళ్ళు దోపుకుని, గోడకు వీపు ఆనించి, రెండు కాళ్ళతో మళ్ళీ తన్నింది. ఊడింది. నేల మీద బోర్లా పడుకుని గోడలోని గొట్టానికి చెవి ఆనించింది.

లోకం వినపడింది. ఎవరో టైరు మీద ఇనప కడ్డీతో టంగుటంగున కొడుతున్నారు. దూరంగా హారను మోగింది. వెనక సందులో లారీ ఆగి ఉందన్నమాట. ప్రాణం లేచొచ్చింది. నోరు పెట్టి "అన్నా! బాబూ!" అని అరిచింది. అప్పటికే బొంగురుపోయిన గొంతు, గొట్టంలో పడి గొణుగుడై పోయింది. చెవి పెట్టింది. టంగు, టంగు. మళ్ళీ అరిచింది. టంగు, టంగు. గోడకి అవతలే మనిషి ఉండి వినపడకపోవడం, ఎవరూ లేకపోవడం కంటే ఘోరంగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది క్లారినెట్.

పడిపోయిన పెట్టెల మధ్య చేతులతో దేవులాడింది. దొరికింది. కర్ర అప్పటికే చల్లగా ఉంది. చలిలో కర్ర వాయిద్యం పగులుతుందని మేనమామ వందసార్లు చెప్పాడు. చలికాలం దాన్ని తన కోటు లోపలే పెట్టుకుని తిరిగేవాడట. "క్షమించు మావయ్యా" అనుకుని, పక్కకు పడుకుని, దాని చివరి గిన్నెను గొట్టం మూతికి ఆనించి, తనకు తెలిసినవాటిలో అన్నిటికంటే గట్టిగా మోగే ఏనుగుల పాట అందుకుంది. దవడలు వణుకుతుంటే స్వరాలు కూడా వణికాయి. అయినా పూర్తిగా వాయించి, చెవి పెట్టింది.

టైరు కొట్టుడు ఆగింది. ఎవరో ఈల వేస్తున్నారు. ఏనుగుల పాటే. తప్పుల్లేకుండా, హాయిగా.

ఆమెకు మతి పోయినంత పనైంది. పాట బాగుందని విని ఆనందిస్తున్నాడు ఆ మనిషి! ఏ ఇంట్లోదో రేడియో అనుకుంటున్నాడు. తను ఇక్కడ చస్తూ అతనికి కాలక్షేపం చేస్తోంది. ఏం చెయ్యాలో తోచక జోలపాట వాయించింది. ఏడుపు వినిపిస్తుందేమోనని ఆశ. చెవి పెడితే ఈల కూడా లేదు. "ఆఆహ్" అన్న పెద్ద ఆవులింత వినపడింది.

చలి ఇప్పుడు చర్మం దాటి ఎముకల్లోకి దిగుతోంది. చేతివేళ్ళు తనవి కానట్టున్నాయి. వాటిని చంకల్లో పెట్టుకుని కాసేపు వెచ్చబరుచుకుని, ఇక మిగిలిందొక్కటే కనక వాన పాట ఎత్తుకుంది. మెట్టుమెట్టుగా పైకెక్కింది. పైన నిలబడింది. ఆఖరి మెట్టు దిగాల్సిన చోట చిటికెన వేలు మొద్దుబారి కదల్లేదు. ఊపిరి అందలేదు. పాట అక్కడే గాల్లో వేలాడుతూ ఆగిపోయింది. ఇక అయిపోయిందనుకుని గోడకు తల వాల్చింది. చెవి గొట్టానికి తగిలింది.

"అరె, ఆపేశారేంటి?" అంది అవతలి గొంతు.

ఆమె తల ఎత్తింది. ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత తట్టింది: పూర్తి పాటలు విని ఊరుకున్న మనిషి, సగంలో ఆగిన పాటకు పలికాడు. వణుకుతూ మళ్ళీ వాన పాట మొదటినుంచీ వాయించి, సరిగ్గా అక్కడే, ఈసారి కావాలనే ఆపేసింది.

"చివరి ముక్క మింగేస్తాడేంటి వీడు!"

మూడోసారి. వేళ్ళు జారుతున్నాయి, స్వరాలు అడ్డదిడ్డంగా పడుతున్నాయి. అయినా పైమెట్టు దాకా లాక్కొచ్చి ఆపింది. అడుగుల చప్పుడు. రాళ్ళ మీద చెప్పుల కరకర. గొంతు దాదాపు చెవిలోనే పలికింది.

"ఎవరయ్యా బాబూ వాయించేది? ఈ గొట్టంలోంచి వస్తోందేంటి? చూడు, వాయిస్తే మొత్తం వాయించు, లేకపోతే మానెయ్. మధ్యలో వదిలేస్తే నాకిక్కడ ప్రాణం గిలగిల్లాడుతోంది!"

"అన్నా!" ఆమె పెదవులు గొట్టం అంచుకు ఆనించింది. అరవలేదు, ఒక్కో మాటా విడదీసి పలికింది. "నేను. లోపల. నాలుగో గదిలో ఇరుక్కుపోయాను. మిషను వేసేశారు. గడ్డకట్టి చచ్చిపోతున్నాను అన్నా."

"ఓరి దేవుడా! ఆడమనిషివా? ఉండు తల్లీ, నిద్రపోకు. నేను వచ్చేదాకా వాయిస్తూనే ఉండు. ఆపావంటే ఒట్టు!" అంటూ పరుగెత్తిన చప్పుడు.

తరవాత జరిగింది ఆమెకు లారీ డ్రైవరు చెబితేనే తెలిసింది. మర్నాటి సరుకు తెచ్చినవాడు అతనే. ఒక పూట ముందే వచ్చి వెనక సందులో లారీ ఆపుకున్నాడు. గేటు దగ్గరికి పరుగెత్తి, "తాతా, నాలుగో గదిలో ఎవరో ఉన్నారు, పాట వస్తోంది!" అని అరిస్తే, కాపలా తాత చెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, "పాటా? నా చెవిలో కూడా రోజూ హోరేనయ్యా, డాక్టరు మందిచ్చాడు" అన్నాడట. చెప్పి లాభం లేదని డ్రైవరు ఆయన చెయ్యి పట్టుకుని సందులోకి ఈడ్చుకొచ్చి, అరచేతిని గొట్టం మీద అదిమిపెట్టాడు. లోపల ఆమె వాయిస్తూనే ఉంది. గొట్టం అరచేతి కింద సన్నగా అదిరింది. తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ వయసులో ఆయన అంత వేగంగా పరుగెత్తగలడని తను అనుకోలేదని డ్రైవరు తరవాత పదిమందికి చెప్పాడు.

ఆ పది నిమిషాలూ ఆమెకు ఏళ్ళు. ఏం వాయిస్తోందో తెలియడం లేదు. నిద్ర ముంచుకొస్తోంది; చలి కూడా తగ్గినట్టుంది. చలి తగ్గినట్టు అనిపించడమే అన్నిటికంటే ప్రమాదమని కొత్తగా చేరేవాళ్ళకు చెప్పేది తనే కాబట్టి, ఆ వెచ్చదనానికి ఇంకా హడలిపోయింది. ఊదింది. చేతుల్లో 'టిక్' మని చిన్న చప్పుడైంది. స్వరం చీలి, గాలి పక్కనుంచి బుస్సుమంది. వేలికి నిలువునా పగులు తగిలింది. ఇక అందులోంచి పాట రాలేదు. ఉత్త ఊపిరే వచ్చింది. ఆ ఊపిరే ఊదుతూ ఉండగా తలుపు తెరుచుకుని, వెలుగు కళ్ళలో పొడిచింది.

డ్రైవరు తన లారీలోంచి తెచ్చిన దుప్పట్లు రెండు కప్పి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఎండలోకి తీసుకొచ్చాడు. కాపలా తాత ఆమె పాదాలు రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నాడు. టైము నాలుగుంపావు. తలుపు పక్కన లోపలున్న మీటరు సున్నాకి కింద ఐదు చూపిస్తోంది. ఆ అంకె రిజిస్టరులో రాయాలని ఆమె లేవబోయిందట.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచారు. భర్త తన వార్డులోనే ఆమె మంచం పక్కన డ్యూటీ చేశాడు. రెండోరోజు పల్స్ చూస్తూ చూస్తూ చెయ్యి వదలకుండా, "నాకు నిద్ర చెడుతుందని అక్కడికెళ్ళి కూర్చున్నావా?" అన్నాడు.

"నీ ఒక్కడి నిద్రే అని కాదు" అంది.

"ఒక్క మాట చెప్పొచ్చుగా. చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి." ఆసుపత్రి నిండా దూదే, ఆ సంగతి ఇద్దరికీ ఒకేసారి తట్టి నవ్వబోయారు. ఆయనకు నవ్వు రాలేదు. తల పక్కకు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

సోమవారం ఆమె ఇల్లు చేరిన సాయంత్రమే మేస్త్రీ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అక్కా, లోపలికి తొంగి చూశాకే తలుపేశానని మేనేజరుకి చెప్పాను. అబద్ధం. చూడలేదు. లైటు వెలుగుతుంటే ఎవరో మర్చిపోయారని తిట్టుకుంటూ ఆర్పేశాను" అన్నాడు.

"నేనక్కడున్నానని నేను మాత్రం ఎవరికి చెప్పాను?" అంది ఆమె. కోపం లేదని కాదు. ఉంది. మేనేజరు మీద, మేస్త్రీ మీద, తన మీద కూడా. కానీ అతని ముఖం చూశాక ఆ కోపాన్ని పైకి తీయాలనిపించలేదు. "కూర్చో. కాఫీ తాగి వెళ్ళు."

మంగళవారానికల్లా ఆరు గదుల్లోనూ కొత్త గుబ్బలు బిగించారు. ఆమె వారం తరవాత పనికి వెళ్ళింది. మొదటిరోజు నాలుగో గది గడప దాటలేకపోయింది. మేస్త్రీ తలుపును వీపుతో ఆనుకుని నిలబడితే, లోపలికి రెండడుగులు వేసి, డిగ్రీలు చూసి, బయటికొచ్చి, గోడ పట్టుకుని వాంతి చేసుకుంది. రెండోరోజు వాంతి కాలేదు. ఇంట్లో స్నానాల గది తలుపు మాత్రం ఇప్పటికీ వెయ్యదు. అత్తగారు బయట పీట వేసుకుని, ఎవరూ రాకుండా కాపలా కూర్చుంటుంది.

క్లారినెట్‌ని మేనమామ తీసుకెళ్ళి, పగులుకు జిగురు పట్టించి, సన్నని రాగితీగ రెండు చుట్లు చుట్టి తెచ్చాడు. "నాకూ పళ్ళు లేవు, దీనికీ నడుము విరిగింది. అయినా ఇద్దరం పనికొస్తాం" అన్నాడు. నెల రోజులు అది అలమారలోనే ఉంది. ఆమె దాని వైపు చూడలేదు.

ఒక ఆదివారం కూతురే దాన్ని తీసి ఒళ్ళో పెట్టింది. ముందుగది తలుపూ కిటికీలూ బార్లా తెరిచి, ఆమె జోలపాట మొదలుపెట్టింది. క్లారినెట్ గొంతు కొంచెం మారింది, జలుబు చేసిన మనిషి పాడినట్టు. సగంలో ఉండగా వంటింట్లో ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. అంతే. ఆమె వేళ్ళు బిగుసుకుపోయాయి. పాట ఆగింది.

నిద్రలోంచి లేచి గుమ్మంలో నిలబడి వింటున్న భర్తకు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ స్విచ్చి ఆర్పేశాడు. ఇల్లు నిశ్శబ్దమైంది.

"ఒరే, పొద్దుటి పాలున్నాయిరా అందులో, విరిగిపోతాయి" అంది అత్తగారు.

"పోనీలే అమ్మా."

ముసలామె లేచి వెళ్ళి పాలగిన్నె తీసి పొయ్యి మీద పెట్టుకుని, "మళ్ళీ మొదటినుంచీ వాయించవే. సగమే విన్నాను" అంది.

ఆమె చేతులు ఇంకా వణుకుతూనే ఉన్నాయి. అవి ఆగేదాకా ఎదురుచూడలేదు. అలా వణుకుతుండగానే జోలపాట మళ్ళీ మొదలుపెట్టింది.